చిన్న విమానం: మీ సందేహాలు, మా జవాబులు

చిన్న ప్రైవేటు విమానాల్లో సరదాగా ఎగరడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖ, ఆ చుట్టుపక్కల ఊళ్లవే. అందుకే ఈ సంచిక శీర్షికను వాళ్లకే కేటాయించాం. వేరే విమానం పేరు చెప్పని చోట అంకెలన్నీ సెస్నా 172 ఎస్ మోడల్‌వి. 1956 నుంచి 44 వేలకు పైగా తయారైన నాలుగు సీట్ల రకం ఇది. మీరు నడిపేది ఏదైనా సరే, దాని హ్యాండ్‌బుక్‌లో ఉన్న అంకెదే చివరి మాట.

మావారికి 46 ఏళ్లు. వ్యాపారం కుదుటపడింది, ఇక విమానం నడపడం నేర్చుకుంటానంటున్నారు. ఢిల్లీ వెళ్లేటప్పుడు కిటికీలోంచి కనిపించే ఆకాశమే కదా, ఇందులో అంత ఆనందం ఏముంది? ఈ వయసులో కుదురుతుందా?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

అదే ఆకాశం కాదమ్మా. పెద్ద విమానం 35 వేల అడుగుల మీద పోతుంది. అక్కణ్నుంచి చూస్తే సముద్రం పరిచిన నీలం చాపలా ఉంటుంది. 1,500 అడుగుల మీద గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాళ్లకు అలల వరసలు కనిపిస్తాయి, వల లాగుతున్న తెప్ప కనిపిస్తుంది. వానలు పడ్డాక భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసేచోట మట్టినీటికీ ఉప్పునీటికీ నడుమ గీత గీసినట్టుంటుంది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన పాయలు అరచేతి గీతల్లా విడివిడిగా తెలుస్తాయి.

కళ్లకు దక్కేది ఇది. చేతికి దక్కేది ఇంకొకటి ఉంది. అనుకున్న ఎత్తుకు చేరాక ముక్కు దించి, వేగం పెరిగేదాకా ఆగి, ఇంజన్‌ను నిమిషానికి 2,300 తిరుగుళ్లకు తగ్గించి, అప్పుడు ట్రిమ్ చక్రం కొద్దికొద్దిగా తిప్పుతారు. చేతి మీద ఒత్తిడి తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోతుంది. వేళ్లు వదిలేసినా విమానం ఉన్నచోటే ఉంటుంది. మలుపు తిప్పేటప్పుడు ఎదురుగా గాజుగొట్టంలో ఉన్న నల్ల గోలీ నడిమధ్యన కదలకుండా నిలిస్తే ఆ మలుపు సరైనదని అర్థం. గోలీ ఎటు జారితే ఆ వైపు కాలు నొక్కాలి. ఆ గోలీ కదలకుండా పూర్తి చక్రం తిరిగి, 50 అడుగులు కూడా ఎత్తు పోకుండా మొదలుపెట్టిన దిక్కుకే వచ్చి ఆగినప్పుడు కలిగే తృప్తి, వీణ మీద ఒక సంగతి తప్పు లేకుండా పలికిన తృప్తిలాంటిది. కిటికీ పక్క సీటులో అది దొరకదు.

వయసుకు పై పరిమితి లేదు. కావలసింది క్లాస్ 2 వైద్య పరీక్ష. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తించిన డాక్టరు చూపు, వినికిడి, రక్తపోటు, చక్కెర, గుండె చూస్తారు. కళ్లద్దాలతో చూపు సరిపోతే చాలు. బీపీ మాత్ర వేసుకుంటున్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు. ఏ మందు, అదుపులో ఉందా అన్నది చూస్తారు. ఒక్క మాట గట్టిగా చెప్పండి: స్కూలుకు ఫీజు కట్టే ముందే ఈ పరీక్ష చేయించుకోవాలి. వరస తిరగబడితే డబ్బు చిక్కుకుపోతుంది.

నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఉద్యోగం కోసం కాదు, ఆసక్తితో లైసెన్సు తీసుకోవాలని ఉంది. మన వైజాగ్ ఎయిర్‌పోర్టులోనే నేర్చుకోవచ్చా?
— ఒక విద్యార్థి, గాజువాక

వైజాగ్ రన్‌వే నౌకాదళానిది బాబూ. ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరంలోనే పౌర విమానాలకు చోటిచ్చారు. శిక్షణ కోసం వేరే ఊరు వెళ్లక తప్పదు. గుర్తింపు ఉన్న స్కూళ్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఆ జాబితాలో లేనిచోట డబ్బు కట్టొద్దు.

నీకు కావలసింది ప్రైవేట్ పైలట్ లైసెన్సు. 16 ఏళ్లకు స్టూడెంట్ పైలట్ లైసెన్సు, 17 నిండాక ప్రైవేట్ లైసెన్సు ఇస్తారు. చదువు పదో తరగతి పాసైతే చాలు. కమర్షియల్ లైసెన్సుకే ఇంటర్‌లో ఫిజిక్స్, లెక్కలు అడుగుతారు, దానికి 200 గంటలు ఎగరాలి. ప్రైవేట్‌కు కనీసం 40 గంటలు. ఈ 40 కాగితం మీద మాట. వారానికి ఒక్కరోజు వెళ్లేవాళ్లు ప్రతిసారీ మొదటి అరగంట పాత పాఠం గుర్తుచేసుకోవడానికే ఖర్చుపెడతారు, కాబట్టి వాళ్లకు 40 దాటిపోతుంది. సెలవుల్లో నెలా రెండు నెలలు అక్కడే ఉండి, వారానికి నాలుగైదుసార్లు ఎగిరేలా చూసుకో. నిబంధనలు, నావిగేషన్, వాతావరణం, విమానం–ఇంజన్ సబ్జెక్టుల పుస్తకాలు గాజువాకలో కూర్చునే పూర్తి చేయొచ్చు. ఈ లైసెన్సుతో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు.

ఎగిరే ముందు పైలట్లు విమానం చుట్టూ తిరిగి ఏం చూస్తారు? చిన్న గాజు గ్లాసులో పెట్రోలు పట్టి ఎందుకు పారబోస్తారు?
— పెందుర్తి నుంచి

విశాఖలాంటి తేమ ఊళ్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రంతా తేమగాలి నిలుస్తుంది. తెల్లవారుజామున చల్లబడి లోపలి గోడల మీద చెమట పడుతుంది. ఆ నీరు పెట్రోలు కంటే బరువు, కాబట్టి అడుగుకు దిగుతుంది. ట్యాంకు మూత కింద రబ్బరు రింగు ఎండి పగిలితే వాననీరు తిన్నగా లోపలికే పోతుంది. అడుగున ఉన్న నీళ్లు ఇంజన్‌కు అందేది ఎక్కువగా ముక్కు పైకెత్తినప్పుడే, అంటే నేల విడిచిన మరుక్షణంలో.

అందుకే 172 ఎస్ లో ఒక్కో రెక్క కింద 5, ముక్కు కింద 3, మొత్తం 13 చోట్ల నుంచి కొద్దికొద్దిగా పట్టి చూడాలి. మనం వాడే 100 ఎల్ఎల్ ఏవ్‌గ్యాస్ లేత నీలం రంగులో ఉంటుంది. అడుగున బొట్టులా, గీతలా తెల్లగా కనిపిస్తే అది నీరు. ఇక్కడ ఒక మోసం ఉంది. గ్లాసు మొత్తం నీళ్లే వస్తే గీత ఏదీ కనిపించదు, శుభ్రంగా ఉందనుకుంటాం. కాబట్టి తెల్ల కాగితం ముందు పెట్టి నీలం రంగు ఉందో లేదో చూడాలి, వాసన చూడాలి. నీరు కనిపిస్తే పోయేదాకా పట్టాలి. పోకపోతే ఆరోజు ఎగరకూడదు. సాయంత్రం దిగగానే ట్యాంకులు నింపి పెట్టుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. కాకపోతే మర్నాటి బరువు లెక్కకు సరిపోవాలి.

మీటరు ముల్లును నమ్మి ఇంధనం లెక్క వేయొద్దు. రెక్క ఎక్కి, మూత తీసి, కొలపుల్ల ముంచి చూడాలి. ఆయిల్ 8 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ) పడుతుంది. 5 కంటే తక్కువ ఉంటే స్టార్ట్ చేయకూడదు. గాలి వేగం కొలిచే పిటో గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టడానికి విమానం ఒకటి రెండు రోజులు ఊరికే నిలబడితే చాలు. తొడుగు వేసి ఉంచాలి, ఎగిరే ముందు మరిచిపోకుండా తీయాలి. రన్‌వే మీద పరుగు మొదలయ్యాక వేగం ముల్లు లేవకపోతే అక్కడే థ్రాటిల్ (ఇంజన్ జోరు పెంచే, తగ్గించే మీట) మూసి ఆగిపోవాలి. ఇంజన్ మూత సందుల్లో గోరింకలు పుల్లలు పేరుస్తాయి. టార్చి వేసి లోపలిదాకా చూడాలి, ఆ పుల్లలు వేడెక్కితే మంటలే.

స్టార్ట్ చేశాక 1,800 తిరుగుళ్ల దగ్గర మాగ్నెటోలు (ప్లగ్గులకు నిప్పురవ్వ అందించేవి, రెండుంటాయి) ఒక్కొక్కటే ఆపి చూస్తాం. తిరుగుళ్లు 150 కంటే ఎక్కువ పడకూడదు, రెండింటికీ తేడా 50 మించకూడదు. ఎక్కువ పడి ఇంజన్ గొణుగుతుంటే చాలాసార్లు ప్లగ్గుకు మసి పట్టి ఉంటుంది. మిక్స్చర్ (గాలిలో పెట్రోలు పాలు) పల్చన చేసి కాసేపు తిప్పితే ఆ మసి కాలిపోతుంది. అసలు ఏమీ పడకపోతే సంతోషించకండి, అది ఇంకా చెడ్డది. మాగ్నెటోను ఆపే తీగ తెగిందన్నమాట. తాళం తీసేసినా ఆ ఇంజన్ సజీవంగానే ఉంటుంది, ప్రొపెల్లర్‌ను చేత్తో కాస్త తిప్పినా అందుకుంటుంది. ఆగి ఉన్న ప్రొపెల్లర్‌నైనా ఎప్పుడూ తిరుగుతున్నదానిలాగే చూడమని చెప్పేది ఇందుకే.

సెస్నా 152 లో నేర్చుకుంటున్నాను. దిగేటప్పుడు కార్బొరేటర్ హీట్ (పెట్రోలు, గాలి కలిసే కార్బొరేటర్‌కు వేడిగాలి పంపే మీట) లాగమంటున్నారు. 30 డిగ్రీల ఎండలో మంచు గడ్డకట్టడమేమిటి?
— సీతమ్మధార నుంచి

కడుతుంది. పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, ఇరుకు గొంతులో గాలి వ్యాకోచించి మరింత చల్లబడుతుంది. రెండూ కలిసి కార్బొరేటర్ లోపల ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు పైగా దించగలవు. దానికి తోడు థ్రాటిల్ సగం మూసి ఉంటే ఆ పలక అంచున మంచు పేరుకోవడానికి చోటు దొరుకుతుంది. పొడి ఎండ ఉన్న కర్నూలు కంటే ఉక్కపోత ఉన్న విశాఖలోనే ఈ ప్రమాదం ఎక్కువ. తిరుగుళ్లు కారణం లేకుండా మెల్లగా తగ్గుతుంటే హీట్ పూర్తిగా లాగాలి, సగం లాగి వదలొద్దు. మంచు కరిగి నీరు లోపలికి పోతుంటే ఇంజన్ కొన్ని క్షణాలు ఇంకా దగ్గుతుంది. బెదిరి లోపలికి తోసేస్తే చేసిందంతా వృథా. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 172 ఎస్ కు ఈ మీటే లేదు.

నాలుగు సీట్లున్నాయి కాబట్టి మేం నలుగురు స్నేహితులం ట్యాంకు నింపుకుని వెళ్లొచ్చు కదా?
— అనకాపల్లి నుంచి

మామూలుగా వెళ్లలేరు. అనుమతించిన గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఖాళీ విమానం 770 కిలోలనుకుందాం, మీ విమానం అసలు బరువు దాని కాగితాల్లో ఉంటుంది. మిగిలింది 387. వాడుకోగల ఇంధనం సుమారు 200 లీటర్లు, లీటరు 0.72 కిలోల లెక్కన 144 కిలోలు. ఇక 243. తలా 75 కిలోలుంటే ముగ్గురికి 225, సంచులకు 18. నాలుగో మనిషి ఎక్కాలంటే దాదాపు 57 కిలోలు, అంటే 80 లీటర్ల ఇంధనం తగ్గించుకోవాలి. మిగిలే 120 లీటర్లతో గంటకు 34 చొప్పున మూడున్నర గంటలు. ఒక పూట షికారుకు అది చాలు కూడా.

బరువు సరిపోతే పని అయిపోలేదు, అది ఎక్కడ కూర్చుందో చూడాలి. వెనక భారం ఎక్కువైతే ముక్కు తేలికై, స్టాల్ అయినప్పుడు (వేగం చాలక రెక్కకు గాలి పట్టు తప్పినప్పుడు) కిందికి దించుకోవడం కష్టమవుతుంది. బరువైనవాళ్లను ముందు కూర్చోబెట్టండి. వెనక సామాను అర ముందుభాగానికి పరిమితి 54 కిలోలు. మనుషుల బరువు అడిగి రాసుకోవద్దు, తూకం వేయండి. అడిగితే అందరూ తగ్గించే చెబుతారు.

ఏడాదిలో ఏ నెలలు, రోజులో ఏ వేళ మంచివి? మే నెల మధ్యాహ్నం ఎగరకూడదంటారు, ఎందుకు?
— ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం

వేళ సంగతి ముందు. సూర్యోదయం నుంచి తొమ్మిదింటి దాకా ఉండే గాలికి సాటి లేదు. నేల ఇంకా వేడెక్కదు, విమానం నూనె మీద జారినట్టు పోతుంది. ఎండెక్కేకొద్దీ కొండరాళ్లు, కాంక్రీటు వేడెక్కి గాలి స్తంభాల్లా పైకి లేస్తుంది, చెరువులూ తోటలూ ఉన్నచోట కిందికి దిగుతుంది. సీటు బెల్టు బిగించుకోవాల్సిందే. సముద్రం గాలి తిరిగాక తీరం వెంబడి మళ్లీ కొంత నెమ్మదిస్తుంది గానీ కొండల వెనక సుడులు మిగిలే ఉంటాయి.

మే మధ్యాహ్నం విషయానికొస్తే, వేడి గాలి పల్చన. రెక్కకు పట్టు తక్కువ, ప్రొపెల్లర్‌కు పట్టు తక్కువ, ఇంజన్‌కు ఊపిరి తక్కువ. ప్రామాణిక 15 డిగ్రీల కంటే పెరిగిన ప్రతి డిగ్రీకీ సుమారు 120 అడుగులు కలపాలి. 40 డిగ్రీల రోజున సముద్రమట్టం మీదున్న విమానం 3,000 అడుగుల మీద ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. పూర్తి బరువుతో, గాలి లేనప్పుడు, సున్నా డిగ్రీల దగ్గర 262 మీటర్లున్న నేల పరుగు 40 డిగ్రీలకు 350 మీటర్లవుతుంది. 50 అడుగుల అడ్డంకి దాటడానికి 447 కాస్తా 593. ఎండుగడ్డి నేలైతే నేల పరుగుకు 15 శాతం కలపాలి. వెనక గాలి ఉంటే ప్రతి 2 నాట్స్‌కు 10 శాతం (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు). మూడు కిలోమీటర్ల విశాఖ రన్‌వే మీద ఈ తేడా తెలియకపోవచ్చు, కానీ లేచాక ఎక్కే వేగం కూడా ఇదే లెక్కన పడిపోతుంది. మూడు వైపులా కొండలున్న ఊళ్లో అదే ముఖ్యం.

నెలల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తమం. మంచు తెర తొలగేదాకా ఆగితే చాలు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుముల మేఘాలు గంటలో గోపురాల్లా లేస్తాయి. దూరంగా ఒక్కటి కనిపించినా దానికి 20 నాటికల్ మైళ్లు ఎడం ఇవ్వాలి. నైరుతి వానల్లో మబ్బు సింహాచలం కొండ మీద కూర్చుంటుంది. మేఘం అడుగున దూరి వెళ్దామనే ఆశే కొండను ఢీకొట్టిస్తుంది. 5 కిలోమీటర్ల చూపు, మబ్బుకు నిలువున 1,000 అడుగులు, పక్కకు 1,500 మీటర్లు — ఈ మూడింటిలో ఏది తగ్గుతున్నట్టు అనిపించినా వెనక్కి తిరగండి. 100 నాట్స్ వేగంలో 15 డిగ్రీలు వాల్చి ఒక్క నిమిషం తిరిగితే వచ్చిన దారి ఎదురుగా ఉంటుంది.

అక్టోబరు, నవంబరు అల్పపీడనాల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విమానాశ్రయాన్ని ఏం చేసిందో విశాఖవాసులకు చెప్పనక్కర్లేదు. తుపాను రోజున ఎలాగూ ఎవరూ ఎగరరు. మోసం చేసేది దానికి ముందు, ప్రశాంతంగా కనిపించే రోజు. గాలి ఒత్తిడి నిన్నటికంటే 10 మిల్లీబార్లు పడిపోయి, మీరు నిన్నటి అంకెతోనే ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ను వదిలేస్తే, అది దాదాపు 300 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. 1,000 అడుగుల మీద ఉన్నామనుకుంటారు, ఉన్నది 700. టవర్ చెప్పే క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన గాలి ఒత్తిడి అంకె) విన్న వెంటనే బిగించి, తిరిగి చదివి వినిపించాలి.

నా ల్యాండింగ్ ఎప్పుడూ రన్‌వే మీద తేలుతూ పోతుంది. ఒకసారి గట్టిగా ఎగిరిపడింది కూడా. ఎక్కడ తప్పు?
— శిక్షణలో ఉన్న పాఠకురాలు, మధురవాడ

తప్పు రన్‌వే మీద జరగలేదండీ, ఒక కిలోమీటరు ముందే జరిగింది. మీరు వేగం ఎక్కువ తెస్తున్నారు. పూర్తి ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) 60 నుంచి 70 నాట్స్ మధ్య రావాలి. 60 అనుకున్నచోట 66 తెస్తే వేగం పెరిగింది పది శాతమే గానీ కరిగించాల్సిన శక్తి 21 శాతం పెరిగింది. ఆ 21 శాతమే మిమ్మల్ని రన్‌వే మీద తేలుస్తోంది. వేగాన్ని ముక్కుతో, దిగే కోణాన్ని థ్రాటిల్‌తో చూసుకోండి. చివరి మలుపు తిరగ్గానే ట్రిమ్ చేసి చేయి తేలిక చేసుకుంటే వేగం దానంతట అదే నిలుస్తుంది. నేల దగ్గర ముక్కు మెల్లగా ఎత్తడం మొదలయ్యాక చూపు ముక్కు ముందు నేల మీద కాకుండా రన్‌వే చివరన పెట్టండి. దగ్గర నేలను చూసేవాళ్లు ఎప్పుడూ తొందరగా లాగుతారు.

ఎగిరిపడినప్పుడు సహజంగా చేయి ముందుకు తోస్తుంది. ముక్కు చక్రం విరిగేది అప్పుడే. కొద్దిగా లేస్తే ముక్కును ఆ స్థితిలోనే పట్టి, కాస్త థ్రాటిల్ ఇచ్చి మళ్లీ కూర్చోనివ్వండి. బాగా లేస్తే ఆలోచన వద్దు: పూర్తి థ్రాటిల్, ఫ్లాప్స్ 20కి, తిరిగి ఒక చుట్టు. మళ్లీ చుట్టు వేయడం సిగ్గుపడే పని కాదు, దానికీ ల్యాండింగ్‌తో సమానంగా సాధన కావాలి.

మీరు అడగకపోయినా ఇంకోటి చెప్పాలి. ఆఖరి మలుపులో రన్‌వే దాటిపోతున్నామని తెలిసి, వాల్చడానికి భయపడి, కాలితో ముక్కు తిప్పడం చూస్తుంటాం. చిన్న విమానాల ప్రాణాంతక ప్రమాదాల్లో ఇదొక పాత కథ. ఎత్తు కోల్పోకుండా తిరిగే మలుపులో 30 డిగ్రీలు వాలిస్తే స్టాల్ వేగం 7 శాతం, 45కి 19 శాతం, 60కి 41 శాతం పెరుగుతుంది. దానికి అడ్డంగా కాలు కూడా తోడైతే ఒక రెక్క ముందు పడిపోతుంది. 500 అడుగుల్లో దాన్నుంచి తేరుకునే చోటు లేదు. దాటిపోయిందా, దాటిపోనివ్వండి. 30 డిగ్రీలు మించకుండా, గోలీ మధ్యన ఉంచి, చుట్టు వేసి రండి.

బీచ్ వెంబడి భీమిలి దాకా వెళ్లేటప్పుడు ఇంజన్ ఆగిపోతే? సముద్రం మీదికి ఎంత దూరం పోవచ్చు?
— భీమునిపట్నం నుంచి

ఇంజన్ లేకపోయినా 68 నాట్స్ పట్టుకుంటే, గాలి లేని రోజున, ప్రతి వెయ్యి అడుగులకూ నాటికల్ మైలున్నర జారుతుంది. టవర్ మీకు 2,000 అడుగులు ఇస్తే లెక్కకు మూడు మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు. అందులో సగం దాటొద్దు. నేల నుంచి సముద్రంలోకి గాలి వీచే తెల్లవారుజామున ఇంకా దగ్గరగా ఉండండి. ఇంజన్ ఆగగానే ముందు 68, తర్వాత తీరం వైపు ముక్కు, ఆ తర్వాతే కారణం వెతకడం: ఫ్యూయల్ సెలెక్టర్ రెండు ట్యాంకుల మీద ఉందా, అదనపు పంపు వేశారా, మిక్స్చర్ పూర్తిగా లోపలుందా, తాళం రెండు మాగ్నెటోల మీద ఉందా. అప్పుడు రేడియోలో మేడే అనే ప్రమాదపు పిలుపు, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు మన సంకేతం పంపే పరికరం) మీద 7700.

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ ఇసుక జనంతో నిండి ఉంటుంది, అది దిగే చోటు కాదు. జనమున్న ఇసుక కంటే ఒడ్డుకు దగ్గరి నీళ్లే మేలు. పెద్ద అలలకు ఎదురుగా కాక వాటి వరసకు సమాంతరంగా దిగాలి. నీటిని తాకకముందే తలుపులు కొద్దిగా తెరిచి అడ్డు పెట్టాలి, లేకపోతే చట్రం వంగి బిగుసుకుపోతాయి. చక్రాలు కింద వేలాడే విమానం కాబట్టి బోర్లాపడుతుందనే అనుకుని సిద్ధపడాలి. ఒక చేయి తలుపు అంచు మీదే ఉంచితే తలకిందులైనా దారి తెలుస్తుంది. లైఫ్ జాకెట్ ఎక్కేటప్పుడే తొడుక్కోవాలి, గాలి మాత్రం బయటికి వచ్చాకే నింపాలి. లోపలే నింపినవాళ్లను అది పైకప్పుకు అదిమేస్తుంది.

అక్కడ మీరు ఎగిరేది నౌకాదళ గగనతలంలో. ఇచ్చిన ఎత్తు, దారి దాటకండి. స్థావరం ఫోటోలు తీయడం నిషిద్ధం.

కొత్తగా లైసెన్సు వచ్చింది. వైజాగ్ నుంచి రాజమండ్రికి వెళ్లి రావాలని కోరిక. లెక్క ఎలా వేయాలో చూపిస్తారా?
— గోపాలపట్నం నుంచి

మంచి దారి ఎంచుకున్నారు. తిన్నగా 88 నాటికల్ మైళ్లు, దిక్కు 246 డిగ్రీలకు అటూఇటూ. పడమటి సగంలోకి వెళ్లేటప్పుడు సరి వేలకు 500 కలపాలి, కాబట్టి 4,500 అడుగులు. వచ్చేటప్పుడు బేసి, 3,500 లేదా 5,500. గీత మీద పోతుంటే బయలుదేరిన కాసేపటికి అనకాపల్లి కుడివైపు నాలుగు మైళ్లలో, సగం దూరంలో తుని ఎడమవైపు నాలుగు మైళ్లలో కనిపించాలి. కుడివైపు తూర్పు కనుమలు లేస్తాయి. మబ్బుంటే ఎడమకే జరగండి, కుడికి వద్దు. అనుమానం వస్తే హౌరా–చెన్నై రైలు పట్టాలను వెతుక్కోండి. తుని, అన్నవరం, సామర్లకోట దాటించి గోదావరి దాకా అవే తీసుకెళ్తాయి.

గాలి లేకుండా 105 నాట్స్ వేగంతో 50 నిమిషాలు. ఇప్పుడు 210 డిగ్రీల నుంచి 20 నాట్స్ గాలి ఉందనుకోండి. ఎదురు భాగం 16, అడ్డ భాగం దాదాపు 12. ముక్కు 6 డిగ్రీలు ఎడమకు, అంటే 240 మీద పట్టాలి. నేల మీద వేగం 88కి పడిపోయి సరిగ్గా గంట పడుతుంది. తిరుగు ప్రయాణం 120 నాట్స్‌తో 44 నిమిషాలు. ఇంధనం: పోవడానికి 34 లీటర్లు, రావడానికి 25, రెండుసార్లు ట్యాక్సీ, ఎక్కడం కోసం ఎనిమిదేసి, మొత్తం 75. పగటి వీఎఫ్ఆర్‌కు (కళ్లతో బయటికి చూస్తూ ఎగరడానికి) చట్టం అడిగేది అరగంట నిల్వే. మీరు గంట ఉంచుకోండి, ఇంకో 34. అంటే 109 లీటర్లతో బయలుదేరితే అక్కడ నింపుకోనవసరం లేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే ఏవ్‌గ్యాస్ అన్ని విమానాశ్రయాల్లో దొరకదు. దొరికే ఏటీఎఫ్ జెట్ ఇంజన్లకు పోసే కిరోసిన్ రకం. అది మీ ట్యాంకులో పడితే ఇంజన్ కాసేపు తిరిగి, గాల్లో ఆగుతుంది. ఇంధనం పోసేటప్పుడు పైలట్ పక్కనే నిలబడాలి.

దారి తప్పితే సర్దుకోవడానికి అరవైలో ఒకటి సూత్రం చాలు. 60 మైళ్లకు ఒక మైలు పక్కకు పోతే ఒక డిగ్రీ తప్పు. 30 మైళ్లు వెళ్లాక రెండు మైళ్లు కుడికి ఉన్నారని తేలితే 4 డిగ్రీల తప్పు. మిగిలిన 58 మైళ్లలో గమ్యానికే చేరాలంటే ఇంకో 2. మొత్తం 6 డిగ్రీలు ఎడమకు తిప్పండి.

ముందురోజే రాజమండ్రి విమానాశ్రయం అనుమతి, పార్కింగ్ అడగండి. ఫ్లైట్ ప్లాన్ వేసి, ఏడీసీ (గగనతల రక్షణ అనుమతి), ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబర్లు తీసుకుని మోకాలి పలక మీద రాసుకోండి. నోటామ్‌లు (పైలట్లకు ఇచ్చే అధికారిక హెచ్చరికలు) చదవండి. విశాఖ నౌకాదళ కేంద్రం కాబట్టి విన్యాసాల కోసం గగనతలం మూసే రోజులుంటాయి. చీకటి పడకముందే తిరిగివచ్చేలా వేళ లెక్కించండి.

నలుగురం కలిసి చిన్న విమానం కొని తీరప్రాంతంలో ఉంచుకోవాలనుకుంటున్నాం. ఉప్పుగాలికి ఏం జాగ్రత్తలు? రోటాక్స్ ఇంజన్ అయితే బంకు పెట్రోలు పోయొచ్చంటున్నారు, నిజమా?
— లాసన్స్ బే కాలనీ నుంచి

ఉప్పుగాలి బయట రేకును తినేలోపే ఇంజన్ లోపలిని తింటుంది. ఎగరకుండా వదిలేస్తే క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను ఆడించే కడ్డీ) మీది ఆయిల్ పొర జారిపోయి తుప్పు పడుతుంది. తర్వాత స్టార్ట్ చేసినప్పుడు ఆ గరుకు అంచే లోహాన్ని గీకేస్తుంది. నేల మీద పది నిమిషాలు తిప్పి ఆపితే మంచిదనుకుంటారు, అది కీడు. లోపల పుట్టిన నీటి ఆవిరి పోయేంత వేడి రాదు. ఆయిల్ 75 నుంచి 93 డిగ్రీల మధ్య కనీసం ఒక గంట ఉండేలా ఎగరాలి. వారానికి ఒకరు చొప్పున నలుగురూ వంతులేసుకుంటే అంతకంటే మంచి మందు లేదు. నెల రోజులు ఆగాల్సివస్తే ఇంజన్‌ను భద్రపరిచే పద్ధతి మెకానిక్‌తో చేయించండి. 172 ఎస్ లో ఉండే లైకోమింగ్ ఇంజన్‌కు ఫిల్టరు ఉంటే 50 గంటలకు లేదా నాలుగు నెలలకు, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలి. గంటలు నిండలేదని నెలలు దాటించొద్దు. తీరం వెంబడి ఎగిరి వచ్చాక మంచినీళ్లతో కడగాలి. పైప్‌తో బలంగా కొట్టకండి, బేరింగుల్లోకీ పిటోలోకీ నీరు పోతుంది. కంట్రోల్ తీగల మీద గుడ్డ ఆడించి చూడండి, పోగు పట్టుకుంటే తీగ తెగడం మొదలైనట్టే.

రోటాక్స్ 912 పెట్రోలుతో నడిచేమాట నిజం. కానీ కంపెనీ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ దాకానే, ఇప్పుడు మన బంకుల్లో వస్తున్నది 20 శాతం. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీటితో కలిసి విడిపోయి అడుగుకు చేరుతుంది, రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. అంకెలున్న గాజుగొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 పెట్రోలు పోసి కుదిపి ఐదు నిమిషాలు ఉంచండి. నీటి మట్టం 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 19 దాకా పెరిగితే పదిశాతం, 28 దాకా పెరిగితే ఇరవై. ఇరవై చూపితే ఆ పెట్రోలు స్కూటర్‌లో పోసుకోండి, విమానంలో వద్దు. విశాఖ తేమలో ఏవ్‌గ్యాస్‌కు పెట్టే అదనపు ఖర్చు దండగ కాదని మా అభిప్రాయం. అయితే దానిలోని సీసం వల్ల రోటాక్స్‌కు ఆయిల్ తరచుగా మార్చాలి.

తెలుగు మీడియంలో చదివాను. ఎగరడం కంటే రేడియోలో ఇంగ్లిష్ మాట్లాడటమే భయంగా ఉంది.
— సబ్బవరం నుంచి

రేడియోలో కావలసింది ఇంగ్లిష్ కాదు, ఒక వరస. ఎవరిని పిలుస్తున్నారు, మీరెవరు, ఎక్కడున్నారు, ఏం కావాలి — ఈ నాలుగూ ఇదే క్రమంలో. మాటల జాబితా చిన్నది, వందకు మించి నిత్యం వాడేవి ఉండవు. బటన్ నొక్కే ముందు కాగితం మీద రాసుకోండి, ఛానల్‌లో ఎవరూ మాట్లాడటం లేదని విన్నాకే నొక్కండి, నొక్కిన అర సెకను తర్వాత మొదలుపెట్టండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. రన్‌వే నంబరు, ఎత్తు, దిక్కు, క్యూఎన్‌హెచ్, ఆగమన్న ఆదేశం — ఇవి తప్పక తిరిగి చదవాలి. తొమ్మిదిని ‘నైనర్’ అనాలి. అర్థం కాకపోతే ‘రోజర్’ (విన్నాను) అనకండి, ‘సే అగైన్’ (మళ్లీ చెప్పండి) అనండి. కంట్రోలర్లకు అది రోజూ వినే మాట. ఇంట్లో రోజుకు పావుగంట అద్దం ముందు కాకుండా నడుస్తూ, చేతిలో ఏదో పని చేస్తూ చెప్పుకోండి. కాక్‌పిట్‌లో కూడా చేతులు ఖాళీగా ఉండవు.

మా అమ్మను ఒక్కసారి ఎక్కించాలని ఉంది. ఆవిడకు బస్సులోనే వాంతులు.
— కంచరపాలెం నుంచి

డిసెంబరులోనో జనవరిలోనో మంచుతెర తొలగిన పొద్దున, తొమ్మిదింటికల్లా దిగేలా పెట్టుకోండి. పరగడుపున వద్దు. రెండు ఇడ్లీలు, నూనె లేకుండా, గంట ముందు. ముందు సీట్లో కూర్చోబెట్టి కొండల వెనక సముద్రం, ఆకాశం కలిసే గీతను చూడమనండి, ఫోన్ చూడనివ్వొద్దు. గాలి గొట్టం ఆవిడ ముఖం మీదికి తిప్పండి. వాల్చడం 15 డిగ్రీలు దాటించకండి, ప్రతి మలుపుకు ముందూ ‘ఇప్పుడు ఎడమకు తిరుగుతాం’ అని చెప్పండి. ఆవలింతలు, మాట తగ్గడం, నుదుట చెమట మొదలైతే ఇంకో పది నిమిషాల్లో వాంతి. అప్పుడే వెనక్కి తిరగండి. మొదటిసారి ఇరవై నిమిషాలు చాలు, కాగితం సంచి మాత్రం ఆవిడ ఒళ్లోనే ఉండనివ్వండి.